కప్పు వచ్చెను, జట్టు పోయెను

2022వ సంవత్సరము మార్చి 20వ తేదీ ఆదివారమునాటి రాత్రి, గోవాలో మడ్‌గావ్‌ను ఆనుకొనియున్న ఫతోర్డా క్రీడాంగణమున, ఎటు చూచినను పసుపుపచ్చ చొక్కాలు తొడిగిన, ప్రత్యర్థియగు కేరళజట్టు అభిమానులే నిండియుండగా, ఒక గోలు వెనుకబడి, గడియారము 88వ నిమిషమును చూపుచున్నవేళ, హైదరాబాద్ ఎఫ్.సి. జట్టువాడగు సాహిల్ తవోరా పెనాల్టీ బాక్సు అంచున తనవైపు ఎగిరివచ్చిన బంతిని నేలకు దిగనీయక కొట్టి వలలో పడవేసెను. అదనపు సమయమున ఎవరికిని మరియొక గోలు లభింపలేదు. పెనాల్టీల వంతు వచ్చెను. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ముగ్గురి బంతులను ఆపెను. అందొకనిది ఆపునప్పుడు తాను గీతను దాటి ముందునకు కదలెనని రెఫరీ మరల కొట్టింపగా, దానిని రెండవమారును ఆపెను. ఇదే మైదానములో, ఇదే లీగు తుదిపోటీలో, 2015లో గోవా పక్షమున ఆడుచు, చివరి నిమిషములలో తన గోలులో తానే బంతిని వేసికొని, చేతికందినదనుకొన్న కప్పును జారవిడిచిన అపకీర్తిని ఆరేండ్లకు పైగా మోయుచుండినవాడు ఈ కట్టిమణియే. టి.వి. ముందు కూర్చున్న నేను, నా వయస్సునకు తగని విధముగా, కుర్చీలోనుండి లేచి కేకవేసితినని ఒప్పుకొనుటకు సిగ్గుపడను. హైదరాబాద్ జట్టు ఇండియన్ సూపర్ లీగు విజేత యగుట అదియే ప్రథమము.

ఆ రాత్రికి నాలుగేండ్లయినను నిండకముందే, 2025లో, ఆ జట్టు గచ్చిబౌలిని విడిచి ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అను క్రొత్త నామధేయమును ధరించెను. ఈ నడుమ జరిగిన కథ పెద్దది కాదు. విజయానంతరపు ఋతువులో జట్టు పట్టికయందు ద్వితీయస్థానమున నిలిచి, సెమీఫైనలులో మోహన్ బగాన్ చేత పెనాల్టీలలో ఓడెను. కప్పు తెచ్చిన స్పెయిన్ దేశపు కోచ్ మనోలో మార్క్వెజ్ గోవా జట్టునకు వెడలిపోయెను. ఆటగాండ్ర జీతములు బకాయి పడెను. ఆ బకాయిల వలన క్రొత్తవారిని చేర్చుకొనరాదని అంతర్జాతీయ సమాఖ్య నిషేధము విధించెను. విదేశీయులొకరి వెనుక నొకరు మూటాముల్లె సర్దుకొనిరి. 2023-24 ఋతువున 22 ఆటలలో ఒక్కటంటే ఒక్కటి గెలిచి జట్టు అట్టడుగున పడెను. పిమ్మట యజమాని మారెను, ఆ వెనుక ఊరును మారెను. అసలీ జట్టు మన నగరమునకు వచ్చుటయు ఇట్టి మార్గముననే. పుణె నగరపు జట్టు ఆర్థికముగా చితికిపోగా, 2019లో దాని స్థానమున హైదరాబాదునకు లభించిన జట్టిది. వచ్చినదారినే పోయినదన్నమాట.

ఫుట్‌బాల్ జట్ల నిర్వహణమును గూర్చి మాటలాడువారు రెండు పక్షములుగా చీలియుండుట నేను చిరకాలముగా చూచుచున్నాను. ఒక పక్షమువారు, కోచ్‌కు కాలమీయుడు, పిల్లలను పెంపుడు, నేడు ఓడినను రేపు చూచుకొందము అందురు. రెండవ పక్షమువారు, ఆటగాని వయస్సు పదేండ్ల వ్యవహారము, అభిమాని ఆయుర్దాయము అనంతము కాదు, ఈ యేడు కప్పు తేలేనివాడు వచ్చే యేడు తెచ్చునన్న హామీ యెక్కడిది అందురు. ఇరువురి మాటలలోను సత్యమున్నది. కాని ఈ వాదము నడుచు తీరు మాత్రము నాకు సమ్మతము కాదు. స్థిరత్వమనగానే ఒకే మనిషి ఒకే కుర్చీలో ఎన్నియేండ్లు కూర్చుండెనని లెక్కించుట మనకు అలవాటైపోయినది. ఆ మనిషి లేచిపోయిన మరునాటి ఉదయమున ఆ కుర్చీ చుట్టు ఏమి మిగిలియున్నదని చూడవలెను. ఆ చూపుతో చూచినచో, మనము మెచ్చుకొనుచున్న స్థిరత్వకథలు కొన్ని వెలవెలపోవును. మనము ఈసడించుకొనుచున్న ఆత్రపుకథలు కొన్ని నిలబడును.

ఈ వాదమున మొదట చెప్పబడు కథ అలెక్స్ ఫెర్గుసన్‌దే. 1986 నవంబరులో ఆయన మాంచెస్టర్ యునైటెడ్ బాధ్యతను స్వీకరించెను. మూడేండ్లు గడచినను కప్పు లేదు. 1989 సెప్టెంబరులో ఊరిలోని దాయాది జట్టగు మాంచెస్టర్ సిటీ చేత 5-1 తేడాతో ఓడి తలవంచుకొనెను. ఆ ఋతువున లీగులో 13వ స్థానము. ఆయనను సాగనంపవలెనని అభిమానులే ప్రేక్షకుల నడుమ గుడ్డలపై వ్రాసి పట్టుకొనిరి. 1990 జనవరిలో నాటింగ్‌హామ్‌లో ఎఫ్.ఏ. కప్ ఆటయందు మార్క్ రాబిన్స్ అను కుర్రవాడు కొట్టిన ఏకైకగోలుతో గట్టెక్కి, ఆ యేడు మే మాసమున అదే కప్పును గెలిచిరి. తరువాత 13 లీగు విజయములు. యాజమాన్యము ఓపికపట్టినది గనుక ఫలము లభించినదని ఈ కథను పురాణశ్రవణమువలె వినిపింతురు. ఓపిక పట్టినమాట నిజమే. అయితే యజమానులు దేనిని చూచి ఓపికపట్టిరన్నది ఎవ్వరును చెప్పరు. ఆ మూడేండ్లలో పట్టికలో కానరాని పని ఒకటి జరుగుచుండెను: బాలుర ప్రతిభను వెదకు మనుష్యులను పెంచి, ఊరిలోని పిల్లలు పొరుగు జట్టునకు పోకుండ కాచి, పదునాలుగు పదునైదేండ్లవారికి సైతము పెద్దల జట్టు ఆడు పద్ధతినే నేర్పుచుండిరి. 1992లో యువజన కప్పు గెలిచిన ఆ పిల్లలలో గిగ్స్, బెక్‌హామ్, బట్, గేరీ నెవిల్ ఉండిరి. విత్తనము మొలకెత్తుచున్నదని కన్నులార చూచినవాడు వానకొరకు ఎదురుచూచుట వేరు. బీడుభూమి ముందు కూర్చుండి ఎదురుచూచుట వేరు. మొదటిది ఓపిక, రెండవది సోమరితనము. మన క్రీడాసంఘములలో ఓపిక యను పేర చెల్లుబాటగుచున్నది పెక్కుసార్లు ఈ రెండవదియే.

ఆ కథకు ఉత్తరభాగమును కూడ వినిపింపవలెను. 2013లో ఫెర్గుసన్ విరమించెను. ఆయనయే ఎంచిన డేవిడ్ మోయెస్‌కు ఆరేండ్ల ఒప్పందమిచ్చిరి. పదిమాసములు తిరుగకముందే పంపివేసిరి. 26 ఏండ్ల స్థిరత్వము ఒక మనిషి తలలో, ఆయన కంఠస్వరములో, చేతిగడియారమును చూచుకొనుచు రెఫరీని బెదరించు ఆ చూపులో నిక్షిప్తమైయుండెను గాని, సంస్థ గోడలలోనికి ఇంకలేదని అప్పుడు తేటతెల్లమాయెను. ఆ పిమ్మట ఎందరో వచ్చిరి, ఎందరో పోయిరి. ఇంతవరకు మరల లీగు రాలేదు.

కోచ్ తొందరపాటును నిందించుటకు ముందు ఆతని స్థితిని తలంపవలెను. ఏటికౌలుకు పొలము పట్టిన రైతు ఆ పొలమునకు చెరువుమట్టి తోలడు. తోలుటకు బండ్లు తనవి, కూలి తనది. సారము మాత్రము మూడవయేట గాని పైకి రాదు, అప్పటికి కౌలు ఎవని చేతిలో నుండునో తెలియదు. కావున ఈ యేటికి దిగుబడినిచ్చు ఎరువు చల్లి, వచ్చినంత కోసికొని, గట్టు దిగిపోవును. ఆతనిని దుర్మార్గుడనుట న్యాయము కాదు. షరతులు వ్రాసినవాడు ఆసామి. ఆరు ఆటలు ఓడినచో ఇంటికి పోవలసిన కోచ్, పంతొమ్మిదేండ్ల బాలుని దింపి తప్పులు చేయనిచ్చునా, ముప్పదినాలుగేండ్ల అనుభవజ్ఞుని అధికవేతనముతో తెచ్చుకొనునా? మనమైనను అదే చేయుదుము. అందుచేత స్థిరత్వమును కోచ్ శీలములో వెదకుట వ్యర్థము. దానిని యజమాని వ్రాయించు ఒప్పందములోను, ఆతని ఖాతాపుస్తకములోను వెదకవలెను.

ఇచట చెల్సీ పేరెత్తి నన్ను నిలదీయువారుందురు. 2003లో రష్యా ధనికుడు రోమన్ అబ్రమోవిచ్ చేతికి వచ్చినది మొదలు 2022 వరకు ఆ సంస్థలో కోచ్‌లు బస్సుస్టాండులోని ప్రయాణికులవలె వచ్చుచు పోవుచుండిరి. అయినను ఐదు లీగు విజయములు, రెండు ఛాంపియన్స్ లీగు కప్పులు లభించెను. తాత్కాలికునిగా కుర్చీనెక్కిన డి మాటియో 2012 మేలో మ్యూనిక్ నగరమున బయర్న్ జట్టును వారి సొంత మైదానముననే ఓడించి యూరపు కప్పు తెచ్చెను. నవంబరునాటికి ఉద్యోగము పోగొట్టుకొనెను. ఇదెక్కడి స్థిరత్వము, అయినను గెలువలేదా అని అడిగినచో, గెలిచిరి, నిస్సంశయముగా గెలిచిరి. ఆ గెలుపును తక్కువచేయుట నాకిష్టము లేదు. అయితే అచ్చట మారనిది ఒకటుండెను: యజమాని జేబు. నష్టములన్నియు ఆయన ఋణరూపమున భరించుచుండెను; తుదకా మొత్తము సుమారు 150 కోట్ల పౌండ్లకు చేరెను. 2022లో రష్యా యుద్ధమునకు దిగగా, బ్రిటిష్ ప్రభుత్వము ఆయన ఆస్తులను స్తంభింపజేసినప్పుడు, టిక్కెట్టు అమ్ముకొనుటకు సైతము సర్కారు అనుమతి కావలసివచ్చెను. ఒకే స్తంభముపై కట్టిన మేడ ఎంత ఎత్తైనను ఒకే స్తంభపు మేడయే. ఆ ఋణమును రద్దుచేసి విక్రయించిపోవుట వారి యదృష్టము. అట్టి కుబేరుడు అందరికిని దొరకడు. దొరకనివారు దొరికినట్లే నటించినపుడేమగునో లీడ్స్ చూపెను.

లీడ్స్ యునైటెడ్ కథ మన ఊళ్ళలో అప్పుచేసి పప్పుకూడు అను మాటకు ఆంగ్లదేశపు వ్యాఖ్యానమువలె నుండును. 2001లో ఆ జట్టు ఛాంపియన్స్ లీగు సెమీఫైనలు వరకు పోయెను. ఆ దినములలోనే, రాబోవు ఇరువదియైదేండ్లపాటు మైదానమునకు రానున్న ప్రేక్షకుల టిక్కెట్టు సొమ్మును చూపి 6 కోట్ల పౌండ్లు అప్పు తెచ్చిరి. ఏటేట ఛాంపియన్స్ లీగులో ఆడుదుమన్న లెక్కపై ఆ ఋణము నిలిచియుండెను, వరుసగా రెండేండ్లు అర్హత తప్పెను, లెక్క తలక్రిందులాయెను. 1.8 కోట్ల పౌండ్లకు కొన్న రియో ఫెర్డినాండ్‌ను, తమకు బద్ధశత్రువైన మాంచెస్టర్ యునైటెడ్‌కే అమ్ముకొనవలసివచ్చెను. ఖర్చుల చిట్టా బయటపడినప్పుడు, అధ్యక్షుని గదిలోని గాజుతొట్టెలో బంగారుచేపలకై నెలకు 20 పౌండ్ల బాడుగ చెల్లించుచుండిరని తెలిసి దేశమంతయు నవ్వెను. చేపల బాడుగ వలన జట్టు మునుగలేదు గాని, చేపలను సైతము కొనక బాడుగకు తెచ్చుకొను గృహస్థుని తత్త్వము దానివలన బోధపడెను. 2004లో ప్రథమశ్రేణి నుండి జారి, 2007లో మూడవశ్రేణికి దిగి, మరల పైకి వచ్చునప్పటికి 2020 వచ్చెను. సెమీఫైనలునాడు తండ్రి భుజములపై కూర్చుండి చూచిన బాలుడు, ఆ జట్టును మరల పైశ్రేణిలో చూచునాటికి తానే తండ్రియై యుండును.

ఇంతమాత్రమున ఆశయమే దోషమని నేననుట లేదు. స్థిరత్వమును విగ్రహముగా నిలిపి పూజించిన జట్టును కూడ చూచితిమి. ఆర్సెనల్ 2004లో ఒక్క ఆటయు ఓడక లీగు గెలిచెను. 2006లో క్రొత్త క్రీడాంగణము కట్టి, ఆ అప్పు తీర్చుటకై ఏటేట మంచి ఆటగాండ్రను అమ్ముచు, 2005 నుండి 2014 వరకు కప్పన్నదే ఎరుగక, నాల్గవ స్థానమే పరమపదమని నమ్మించెను. ఆ తొమ్మిదేండ్లు టిక్కెట్టునకు అధికమూల్యము చెల్లించిన అభిమాని విసిగినాడనిన తప్పు ఆతనిది కాదు. ఆటకు వచ్చువాడు ఆస్తి అప్పుల పట్టికను చూచుటకు రాడు. కప్పు కావలెనన్న కోరిక లేని జట్టు, పెండ్లి లేని పందిరి.

ఈ రెంటిని కలిపి నడిపినవారు లేరా యనగా, లివర్‌పూల్‌లో కొంతకాలము నడిపిరి. అచ్చట కొంచెము ఆగవలసియున్నది. 1959 డిసెంబరులో బిల్ షాంక్లీ వచ్చునప్పటికి ఆ జట్టు రెండవశ్రేణిలో నుండెను. ఆయన పైకి తెచ్చెను, మూడు లీగులు గెలిపించెను, 1974లో ఎవ్వరును ఊహింపని విధముగా హఠాత్తుగా మానుకొనెను. ఊరంతయు పెద్దదిక్కు పోయినట్లు దుఃఖించెను. ఆయన స్థానమున వచ్చిన బాబ్ పైస్లీ బయటివాడు కాడు. 1939లోనే ఆటగాడుగా చేరి, పిమ్మట గాయములకు కట్లుకట్టుచు, ద్వితీయజట్టును చూచుచు, ఆ గోడల మధ్యనే తల నెరిసినవాడు. తొమ్మిదేండ్లలో ఆరు లీగులు, మూడు యూరపు కప్పులు గెలిచెను. ఆయన వెనుక వచ్చిన జో ఫేగన్ కూడ ఆ గదివాడే. మొదటియేటనే మూడు కప్పులు తెచ్చెను.

ఆ గది అంటినే, అది వర్ణింపదగినది. ఆన్‌ఫీల్డ్ మైదానపు ప్రేక్షకుల మెట్ల క్రింద, ఆటగాండ్ర బూట్లు వ్రేలాడదీయు చిన్నకొట్టు అది. కుర్చీలు లేవు; సీసాల పెట్టెలను బోర్లించి వాటిపై కూర్చుండెడివారు. ఆట ముగిసిన పిమ్మట ప్రతిపక్షపు కోచ్‌ను సైతము పిలిచి, గ్లాసు చేతికిచ్చి, మాటలలో పెట్టి, ఆతని జట్టు మర్మములు కొన్ని రాబట్టెడివారట. నాకు వీటన్నిటికంటె ప్రియమైనది వారి పుస్తకముల సంగతి. ఏ దినమున ఏ శిక్షణము జరిగినది, వాతావరణమెట్లుండెను, ఎవనికే నొప్పి కలిగినది అని ఏండ్లతరబడి వ్రాసియుంచిరి. ఒక ఆటగాడు నీరసించినప్పుడు వెనుకటి యేటి పుటలు తిరుగవేసి, ఇట్టిస్థితిలో అప్పుడేమి చేసితిమి అని చూచుకొనెడివారు. మన కరణాల అడంగళ్ళు గుర్తుకు వచ్చినవి నాకు. కరణము మారినను భూమి చరిత్ర గ్రామముననే ఉండెడిది. 1990 దశకపు ఆరంభములో, పత్రికావిలేఖరుల గదిని పెద్దది చేయుటకై ఆ బూట్లకొట్టును పడగొట్టిరి. 1990 తరువాత 30 ఏండ్లు లివర్‌పూల్‌కు లీగు రాలేదు. ఈ రెంటికిని కార్యకారణసంబంధమును అంటగట్టుట నా యభిమతము కాదు. విలేఖరుల కొరకు పడగొట్టిరన్న మాట మాత్రము, విలేఖరినైన నాకు కొంచెము గుచ్చుకొన్నది.

ఇంతదూరము పోనక్కరలేదు, మన హైదరాబాదుననే, చాదర్‌ఘాట్, కాచిగూడ ప్రాంతముల పాఠశాలలలో పాఠములు చెప్పుకొనిన ఒక ఉపాధ్యాయుడుండెను. సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి యాయెను. 1950లో సిటీ పోలీసు జట్టునకు కోచ్ ఆయెను. రెండు బాధ్యతలను 1963 జూన్ 11న మరణించువరకు మోసెను. ఈ కూడికలోనే రహస్యమున్నది. కోచ్‌గా ఆయనకు ఈ యేటి కప్పు కావలెను. సంఘకార్యదర్శిగా పదేండ్ల తరువాతి బాలురు కావలెను. ఏటికౌలుదారును ఆసామియు ఒకే మనిషియై యున్నట్లు. కావున ఆయన బాలురకు విచిత్రమైన పోటీలు పెట్టెను. ఒకదానిలో డ్రిబ్లింగు నిషిద్ధము. బంతి అందుకొన్నవాడు వెంటనే పంపివేయవలెను. మరియొకదానిలో అలవాటైన కాలితో కొట్టరాదు. కుడికాలివాడు ఎడమకాలితోను, ఎడమకాలివాడు కుడికాలితోను ఆడవలెను. ఆ పోటీల వలన ఆ యేడు ఏ పెద్దకప్పును రాదు. అవి చెరువుమట్టి. అదేకాలమున ఆయన పోలీసుజట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును ఎత్తుకొనివచ్చెను. స్థిరత్వమా, కప్పా అను ప్రశ్న ఆయనకు కలుగనేలేదు; పొద్దున ఒకటి, సాయంకాలము మరియొకటి చేసెను.

ఆ ఆటగాండ్రకు పోలీసు ఉద్యోగముండెను. కప్పు వచ్చినను రాకున్నను ఒకటవతేదీన జీతము వచ్చెడిది. అది పెద్దమొత్తము కాకపోవచ్చును. కాని 2023లో కోట్ల వ్యవహారము నడిపిన హైదరాబాద్ ఎఫ్.సి. ఇయ్యలేకపోయినది సరిగా ఆ ఒకటవతేదీ భరోసానే.

రహీమ్ ఓటమిని కూడ తినెను. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆయన తీర్చిన భారతజట్టు యుగొస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తాయెను. అట్టి ఫలితము నేటి లీగులలో వచ్చినచో, కోచ్ విమానము దిగకముందే ఆతని స్థానమున మరియొకని ఛాయాచిత్రము వెలువడియుండును. నాడట్లు జరుగలేదు. నాలుగేండ్లకు మెల్‌బోర్న్‌లో ఆయనయే నడిపిన జట్టు, ఆతిథ్యదేశమగు ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించి నాల్గవస్థానమును పొందెను. ఆ జట్టులో అజీజ్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, సికిందరాబాదు అమ్ముగూడ బాలుడు తులసీదాస్ బలరామ్ ఉండిరి. 1962లో, క్యాన్సరు లోలోన తినివేయుచుండగా, జకార్తాలో దక్షిణకొరియాను 2-1 తేడాతో గెలిపించి ఏషియా క్రీడల స్వర్ణపతకమును తెప్పించెను. ఏడాది తిరుగకముందే కన్నుమూసెను.

ఆయనను కీర్తించి అంతటితో ఆపుట మన అలవాటు. నేను ఆపను. రహీమ్ బూట్లకొట్టును కట్టలేదు. లేదా, కట్టుటకు మనము ఆయనకు ఇటుకలీయలేదు. బలరామ్ 1957లోనే కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు పోయెను. హబీబ్, నయీముద్దీన్ వంటివారును ఆ దారినే పట్టిరి. వారి తప్పేమున్నది? అచ్చట జనమున్నది, ధనమున్నది. ఇచ్చట గురువు పోయినపిమ్మట గురుపీఠము కూడ లేకపోయెను. ఆంధ్రప్రదేశ్ జట్టు 1965లో సంతోష్ ట్రోఫీ గెలిచెను. అది ఆయన వేసిన పంట, ఆయన పోయిన రెండేండ్లకు కోతకు వచ్చినది. నాటినుండి నేటివరకు, రాష్ట్రమొకటిగా నున్నప్పుడు గాని రెండైన పిమ్మట గాని, ఆ ట్రోఫీ మరల తెలుగునేలకు రాలేదు.

2022 నాటి విజేతలను మరల తలచుకొనుడు. మార్క్వెజ్ యువకులకు ధైర్యముగా అవకాశమిచ్చెను. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ వంటి బాలురు ఆతని చేతిక్రిందనే దేశమెరిగిన ఆటగాండ్రైరి. కట్టిమణి, తవోరాలది గోవా, మిశ్రాది ఉత్తరప్రదేశ్, రాయ్‌ది సిక్కిం, వారి సహచరుడగు యాసిర్‌ది మణిపూర్. వారు ఇచ్చటివారు కారని నా ఫిర్యాదు కాదు. ప్రతిభకు పొలిమేర లేదు. నా ఫిర్యాదు మరియొకటి. కోచ్ చేసిన పని దీర్ఘకాలపుది. ఆ పనికి క్రిందనున్న పునాది స్వల్పకాలపుది. ఆతడు మూడేండ్లు ఉండెను, బాలురను పెంచెను, కప్పు తెచ్చెను: పండితులు స్థిరత్వమునకు చెప్పు లక్షణములన్నియు అందు కలవు. ఇల్లు అలుకగానే పండుగ కాదన్నట్లు, జీతాల ఖాతా ఖాళీయైనప్పుడు ఆ లక్షణములొక్కటియు అక్కరకు రాలేదు. పెరిగిన బాలురొక్కొక్కరే ఇతరజట్లకు పోయిరి. వారి స్థానమున దింపుటకు నగరపు గల్లీలలో పెంచినవారు లేరు. మైదానమున మిగిలినది గడ్డి.

లీగు నడుపువారు చేయదగినది కొంత కలదు, అది బ్రహ్మవిద్య కాదు. ఋతువు ఆరంభమునకు ముందే ఆ ఋతువు జీతములన్నిటికి సరిపడు ధనమును యజమాని కదిలింపవీలులేని ఖాతాలో జమచేసినగాని జట్టునకు అనుమతి ఈయరాదు. జర్మనీలో ఓట్లలో సగమునకు మించిన భాగము సభ్యులదే కావలెనన్న నిబంధన 1998 నుండి కలదు; దానిని మనము యథాతథముగా తెచ్చుకొనలేకపోవచ్చును గాని, జట్టు ఊరు మార్చుటకు ముందు ఆ ఊరివారిని ఒక్కమాట యడుగవలెనన్న మర్యాదనైనను నేర్చుకొనవచ్చును. యజమాని మారినను బాలుర శిక్షణాలయము ఆ నగరముననే ఉండవలెనని షరతు వ్రాయవచ్చును. ఈ మూడును ఉన్నప్పుడు, కోచ్‌ను ఏడాదికొకసారి మార్చుకొందురో, పాతికేండ్లు ఉంచుకొందురో వారి యిష్టము, నాకాక్షేపణ లేదు.

రేపో మాపో మరియొక ధనికుడు మరియొక జట్టుతో గచ్చిబౌలికి రాకమానడు. బాజాలు మ్రోగును, చొక్కా రంగు ప్రకటింపబడును, మూడేండ్లలో కప్పు తెత్తుమని సభాముఖమున ప్రతిజ్ఞ జరుగును. పాఠకులారా, నాడు మీరు ఆ సభకు పోయినచో కప్పును గూర్చి అడుగకుడు. జీతాల ఖాతాలో ఎన్ని మాసముల సొమ్మున్నదని, పదమూడేండ్ల పిల్లలు సాయంకాలము ఏ మైదానమున ఆడుచున్నారని, వారికి నేర్పు మనిషి పేరేమని అడుగుడు. సమాధానము వచ్చిన పిమ్మటనే టిక్కెట్టు కొనుడు.